వేరే షిఫ్టు

కోల్డ్ క్రీక్, ఒంటారియో
4 నవంబరు 1979, ఆదివారం

ఒరేయ్ తౌనో,

ఇవాళ నవంబరు మొదటి ఆదివారం. నువ్వు మర్చిపోయి ఉంటావని తెలుసు కాబట్టి నేనే ముందు రాస్తున్నాను. నాన్న పోయాక ఇది మూడోసారి. గోడ మీది నాన్న గని షిఫ్టు కార్డు దించి, తుడిచి, బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. వెనకవైపు ఆయన రాసింది ఐదు ముక్కలే. "నాలుగు వాటాలు: బంగారం, బాండ్లు, షేర్లు, నగదు. నాలుగూ వేరే వేరే షిఫ్టులు. ఏడాదికోసారి సమం చేయండి. పెరిగింది అమ్మి తగ్గింది కొనండి. ఒన్ని ఉన్నంతకాలం." ముప్ఫై ఒక్క ఏళ్ళు గనిలో దిగినవాడు రాసుకున్న వీలునామా ఇది. ప్లీడరు రాస్తే ఇరవై పేజీలయ్యేది.

శుక్రవారం లాకరు తెరవడానికి బ్యాంకుకి వెళ్ళాను. కౌంటర్లో కొత్తగా వచ్చిన అమ్మాయి కార్డు చూసి, "షిఫ్టులేంటండీ, ఇవి మనుషులా?" అంది. దక్షిణాన టొరంటో వైపు నుంచి వచ్చిన పిల్ల, దానికేం తెలుసు. చెప్పాను. "మా అమ్మ పెట్టిన నియమం తల్లీ. ఇంట్లో ముగ్గురు మగాళ్ళు గనికి పోతుంటే ముగ్గురూ ఒకే షిఫ్టులో కిందికి దిగకూడదు. కప్పు కూలితే ఒక్కడే పోవాలి, మిగతావాళ్ళు పొయ్యి వెలిగించాలి. మా నాన్న డబ్బుకీ అదే పెట్టాడు. ధరలు మండిపోతే బంగారం నిలబడుతుంది. ధరలు పడిపోతే బాండ్లు నిలబడతాయి. మంచిరోజుల్లో షేర్లు, ఏమీ పాలుపోని రోజుల్లో నగదు. అన్నీ ఒకేసారి కింద ఉండకూడదు." ఆ పిల్ల, "మా మేనేజరు గంటసేపు చెప్పినా నాకర్థం కాలేదండీ ఇది" అంది. ఇంటికొచ్చి ఆ మాట తల్చుకుని నవ్వుకున్నాను.

బంగారం వాటా కాస్త పెరిగింది. రెండు బిళ్ళలు అమ్మి ఆ డబ్బు నీకు పంపుతున్నాను, బాండ్లలో వేయి. ఇంకా ఇరవై బిళ్ళలున్నాయి, ఒక్కొక్కటీ ఔన్సు. నా వైపు బంగారం, నగదు సరిపోయాయి. నీ వైపు బాండ్లు, షేర్లు చూసి రాయి.

మిసెస్ కొర్పెలా జనవరి నుంచి మీ అన్నయ్య గదికి నెలకి నలభై డాలర్లు పెంచుతానంది. నేను సరేనన్నాను. ఆవిడ ఇంట్లో పెట్టుకుని చూసుకునేది ఆరుగురినే, కిటికీలోంచి సరస్సు కనిపిస్తుంది, శనివారం ఆవిరి గది వెచ్చబెడుతుంది, ఒన్నికి నచ్చిన ఏలకుల రొట్టె చేస్తుంది. ఇలాంటిచోటు పోతే మళ్ళీ దొరకదు. నాన్న ఇదంతా కూడబెట్టింది ఆ కిటికీ కోసమే కదా.

ఇవాళ మధ్యాహ్నం ఒన్ని దగ్గరికి వెళ్ళాను. ఎప్పటిలాగే చెంచా కింద పెట్టి అడిగాడు. "తౌనో ఇవాళ ఏ షిఫ్టు?" నేను "వేరే షిఫ్టురా" అన్నాను. తలూపి మళ్ళీ సూపు తాగాడు. ఇరవై ఒక్క ఏళ్ళుగా రోజుకోసారి అదే ప్రశ్న, అదే జవాబు. నువ్వొచ్చి చూసి రెండేళ్ళు దాటింది. అడగడం లేదు, చెబుతున్నానంతే.

అక్క,
హిల్యా


టొరంటో
18 నవంబరు 1979

అక్కా,

మర్చిపోలేదు. ఆ ఆదివారం షెడ్డులో డ్యూటీ పడింది. ట్రాములకి నాన్న నియమాలు తెలియవు, పండగరోజు చూసి మరీ చెడిపోతాయి.

నీ డబ్బు చేరింది. బాండ్లు కొన్నాను. షేర్ల వాటా సరిగ్గా ఉంది: ఒక రైల్వే, ఒక టెలిఫోను కంపెనీ, ఒక బ్యాంకు. నాన్న ఎంచినవే, ఒక్కటీ కదపలేదు.

బ్యాంకు పిల్లకి నువ్వు పాఠం చెప్పావంటే నాకు నాన్న చెంచాల పాఠం గుర్తొచ్చింది. బల్ల మీద నాలుగు చెంచాలు పెట్టి, ఒక్కొక్కదాన్నీ ఒక్కో గ్లాసులో వేసి, "ఇప్పుడు బల్ల తన్నరా" అనేవాడు. నేను నిజంగా తన్నితే నాలుగు గ్లాసులూ పడ్డాయి. ఆ రోజు చెవి మెలేశాడు చూడు, ఇప్పటికీ కుడిచెవి కొంచెం పెద్దది.

ఒక్కటి మాత్రం నాకెప్పుడూ నవ్వొస్తుంది. ముప్ఫై ఏళ్ళు బంగారం తవ్విన మనిషి, తన సొంతానికి మొదటి బిళ్ళ బ్యాంకు కౌంటర్లో డబ్బిచ్చి కొన్నాడు. పైగా రసీదు అడిగాడు.

అన్నయ్యని చూడటానికి వస్తాను. మంచు కరిగాక.

తౌనో


టొరంటో
21 జనవరి 1980

అక్కా,

రేడియో విన్నావా? ఔన్సు ఎనిమిది వందల అమెరికన్ డాలర్లు దాటింది. మన డబ్బులో ఇంకా ఎక్కువ. షెడ్డులో ఇవాళ ఎవడూ రెంచీ పట్టుకోలేదు. ఒకడు వాళ్ళావిడ గొలుసు తెచ్చి తూకం ఎక్కడ వేస్తారని నన్నడుగుతాడు, గనివాణ్ణి కదా అని.

నవంబరు దాకా ఆగొద్దు. నాన్న నోటితో చెప్పింది గుర్తుందా? ఏ వాటా అయినా మూడోవంతు దాటితే అప్పటికప్పుడు సమం చేయాలి. ఇప్పుడది దాదాపు సగానికొచ్చింది. సగానికి సగం అమ్మేయి. పది బిళ్ళలు. ఈ వారమే. ఆశ పడకు. నువ్వు పడవనుకో, ఆశపడేది నేనే ఈ ఇంట్లో.

అమ్మాక రాయి.

తౌనో


కోల్డ్ క్రీక్
3 ఫిబ్రవరి 1980

తౌనో,

అమ్మాను. పది బిళ్ళలు.

బ్యాంకులో వరస బయట మెట్ల దాకా ఉంది. చలి సున్నాకి ముప్ఫై కింద. నా ముందు మాత్తిలా ముసలావిడ, వెనక ఎవరో వేటగాళ్ళు. అందరూ పెళ్ళికొచ్చినట్టు మాట్లాడుకుంటున్నారు. మన ఊళ్ళో బంగారం పేరు చెప్పి మనుషులు నవ్వడం నేనదే మొదటిసారి చూడటం.

డబ్బు నగదు వాటాలో వేశాను. బాండ్లకి పంపమంటావు, తెలుసు. ఇప్పుడే పంపను. మిసెస్ కొర్పెలా రుసుము మళ్ళీ పెంచేలా ఉంది, కొంత చేతిలో ఉండనీ. లెక్క నాకు తెలుసు, మాటిమాటికీ అడక్కు.

ఒన్ని బాగున్నాడు. దగ్గు తగ్గింది.

హిల్యా


టొరంటో
14 సెప్టెంబరు 1980

అక్కా,

చాలాకాలం రాయలేదు, తిట్టకు. పని ఎక్కువ.

నువ్వు ఆ రోజు అమ్మడం ఎంత మంచిదైందో. నీ దగ్గర నగదు అంత ఉందంటే ఇక్కడ నా గుండె దిటవుగా ఉంది. నా వైపంతా బాగుంది, బాండ్లు బాండ్లలాగే ఉన్నాయి, అవెక్కడికి పోతాయి.

అన్నట్టు ఊళ్ళో ఏమనుకుంటున్నారు? మన పాత గని మూడో లెవెల్ మళ్ళీ తెరుస్తారట కదా. ఇక్కడ పేపర్లో పడింది. ఊరికే అడిగాను.

వేసవిలో రావాలనుకున్నాను. కుదరలేదు. మంచు పడేలోపు చూస్తాను. అన్నయ్యకి ఉన్ని మేజోళ్ళు పంపుతున్నాను, నీలం రంగువి.

తౌనో


కోల్డ్ క్రీక్
2 నవంబరు 1980, ఆదివారం

తౌనో,

సమం చేసే రోజు. నా వైపు రెండు వాటాలూ సరి. నీ వైపు కూడా సరి అని రాసి పంపు, కార్డు వెనక తేదీ వేసి పెడతాను.

మూడో లెవెల్ గురించి అడిగావు. అవును, తెరుస్తారంటున్నారు. ఇరవై రెండేళ్ళుగా మూసిన సొరంగం. కంపెనీవాళ్ళు ఊరంతా మీటింగు పెట్టి కాఫీలు పోశారు. నేను వెళ్ళలేదు. ఆ సొరంగం పేరు మన ఇంట్లో ఎత్తరని నీకు తెలియదా?

మేజోళ్ళు ఒన్నికి నచ్చాయి. పడుకునేటప్పుడు కూడా తీయనివ్వడం లేదట. "తౌనో పంపాడురా" అంటే, "తౌనో ఏ షిఫ్టు?" అన్నాడు.

హిల్యా


టొరంటో
16 నవంబరు 1980

అక్కా,

నా వైపు సరి. తేదీ వేసేయి.

తౌనో


కోల్డ్ క్రీక్
1 నవంబరు 1981, ఆదివారం

ఒరేయ్ తౌనో,

కొత్త ప్రభుత్వ బాండ్లకి వడ్డీ పందొమ్మిదిన్నర శాతమట. పోస్టాఫీసు గోడ మీద కాగితం అంటించారు, నేను రెండుసార్లు చదివాను, అచ్చు తప్పేమోనని. నాన్న బతికుంటే ఆవిరి గదిలోంచి తువ్వాలుతోనే వీధిలోకి పరిగెత్తేవాడు. నీ దగ్గరున్న పాత బాండ్లు మార్చి ఇవి తీసుకో. ఆ వడ్డీ ఒక్కటే చాలు, ఒన్ని దొరలా బతుకుతాడు.

ఇప్పుడు అసలు సంగతి. మిసెస్ కొర్పెలా ఇంట్లో బాయిలరు చచ్చింది. పాతదాన్ని బాగుచేసే వీల్లేదట. బ్యాంకులో అప్పు అడిగితే ఇరవై రెండు శాతం అన్నారట, ఆవిడ బిత్తరపోయింది. అందుకని ఆరుగురి ఇళ్ళవాళ్ళనీ పిలిచి, రెండేళ్ళ రుసుము ముందే కట్టమంది. కట్టినవాళ్ళ గది వాళ్ళది. లేకపోతే బయట ఎదురు చూసేవాళ్ళున్నారు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకునే చెప్పింది, తప్పు పట్టలేను. ఏప్రిల్ దాకా గడువిచ్చింది.

మనకు పడేది తొమ్మిదివేల ఆరు వందలు. నీ బాండ్లలోంచి తీసి పంపు.

గడువు దాటితే ప్రభుత్వ వార్డే. ఒకసారి వెళ్ళి చూసొచ్చాను. హాల్లో నలభై మంచాలు. కిటికీలు ఎత్తు మీద ఉన్నాయి, నిలబడితే తప్ప బయట కనిపించదు. ఇక నాకు చెప్పడం చేతకాదు.

అక్క


టొరంటో
20 నవంబరు 1981

అక్కా,

ఎనిమిది వందలు పంపుతున్నాను. ఇప్పటికిది ఉంచు.

బాండ్లు ఇప్పుడు తీస్తే నష్టం, గడువు దాకా ఆగాలి. అయినా అన్నీ నన్నే అడుగుతావేంటి? పది బిళ్ళలు అమ్మిన డబ్బు నీ దగ్గరే ఉంది కదా. అంతకుముందున్న నగదు ఉంది. అది తీసి కట్టు. నగదు ఉండేదే ఇలాంటి రోజు కోసమని నాన్న చెప్పలేదా?

తౌనో


కోల్డ్ క్రీక్
7 ఫిబ్రవరి 1982

తౌనో,

నీ ఉత్తరం వచ్చి రెండున్నర నెలలైంది. రోజూ కాగితం తీయడం, మడిచి లోపల పెట్టడం. ఇవాళ రాసేస్తున్నాను.

నగదు లేదు.

నేను ఆ రోజు బిళ్ళలు అమ్మలేదురా. వరసలో నిలబడ్డ మాట నిజం. మాత్తిలా ముసలావిడ నా ముందు పెళ్ళి ఉంగరం విప్పింది. వేలు వాచి రావడంలేదు, ఉమ్ముతో తడిపి లాగింది. నా వంతు వచ్చింది. ఆ దక్షిణం పిల్ల నా వంక చూసి, "మీకేం తొందరండీ, అందరూ వెయ్యి దాటుతుందంటున్నారు" అంది. నా చేతిలో పది బిళ్ళలున్నాయి. అప్పుడేమనిపించిందో దాచకుండా చెబుతాను. నాన్న ముప్ఫై ఒక్క ఏళ్ళు దీని కోసం ఊపిరితిత్తుల నిండా రాతిపొడి పీల్చాడు. మా ఆయన అదే జబ్బుతో పోయాడు. ఒన్ని తల పగిలింది. మన ఇంటి మనుషులందర్నీ తిన్నది ఈ పసుపు లోహం. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అది మనకి కలిసి రావాలనిపించింది. తిరిగి లాకర్లో పెట్టి ఇంటికొచ్చి, అమ్మానని నీకు రాశాను.

మార్చిలో పడింది. సెప్టెంబరులో మళ్ళీ లేచింది. ఇదిగో వెయ్యికి పోతోందనుకుని, ఉన్న నగదంతా తీసి ఇంకో పదకొండు బిళ్ళలు కొన్నాను. నీకు "సరి" అని రాసింది ఆ తర్వాతే. అప్పట్నుంచీ మిసెస్ కొర్పెలాకి కట్టడానికి నెలకొకటి చొప్పున అమ్ముతూ వచ్చాను. అమ్మిన ప్రతిసారీ ముందటి నెల కంటే తక్కువ. ఇంకా పదహారున్నాయి. అన్నీ అమ్మినా ఆవిడ అడిగింది రాదు.

ఎంత తప్పు చేశానో నాకు తెలుసు. కానీ ఇంత ధైర్యం ఎలా వచ్చిందంటే, నీ దగ్గర బాండ్లున్నాయని. వాడు నాన్న మాట తప్పడులే, నేను పడినా వాడు పైన ఉంటాడులే అనుకున్నాను. ఇప్పుడు నువ్వే దిక్కు. నష్టమొచ్చినా సరే బాండ్లు తీయి. కాళ్ళు పట్టుకునే వయసు కాదు నాది, అయినా పట్టుకుంటున్నాననుకో.

హిల్యా


టొరంటో
21 ఫిబ్రవరి 1982

అక్కా,

బాండ్లు లేవు.

నువ్వు రాసిన వాక్యం నేనూ రాయాల్సి వస్తుందనుకోలేదు. 1980 ఏప్రిల్లో అమ్మేశాను. రైల్వే, టెలిఫోను, బ్యాంకు షేర్లు కూడా. నా సొంత పొదుపు కూడా. అన్నీ కలిపి మన పాత గని షేర్లు కొన్నాను, మూడో లెవెల్ తెరుస్తారని ఇక్కడొకడు ముందే చెప్పాడు. షేర్లు షేర్లే కదా అనుకున్నాను. నా కర్మ చూడు, బంగారం ధర పడితే బంగారు గని బతుకుతుందా? ఈ ముక్క ట్రాము ఎక్కే ప్రతివాడికీ తెలుసు. గనివాణ్ణి, నాకే తట్టలేదు. పోయిన అక్టోబరులో పంపులు ఆపేశారు, సొరంగంలోకి నీళ్ళొచ్చాయి. కాగితాలు నా దగ్గరే ఉన్నాయి, చాలా అందంగా అచ్చేశారు.

నాకు ధైర్యం ఎలా వచ్చిందో అడుగు. నీ దగ్గర నగదు ఉందని. అక్క పైన ఉంది, నేను దిగొచ్చు అనుకున్నాను.

నాలుగూ ఒకే షిఫ్టులో దిగాయి అక్కా. నువ్వూ నేనూ ఒకరికి తెలియకుండా ఒకరం దింపాం.

ఆ గనే ఎందుకని అడుగుతావు. చెబుతాను, ఇక దాచడానికి నాకు చోటు లేదు. మూడో లెవెల్లో కప్పు కూలిన రోజు నేను రాతిలో బంగారు సిర చూశాను. రాయి విరిగిన చోట, నా దీపం వెలుగులో, చెయ్యంత లావు. కంపెనీ ఆ వారమే ఆ సొరంగం మూసేసింది, మళ్ళీ ఎవరూ చూడలేదు. ఇరవై ఏళ్ళుగా కళ్ళు మూసుకుంటే అదే. ఆ రాయి అన్నయ్యకి బాకీ ఉందనుకున్నాను. అదొచ్చి ఆయన గది అద్దె కట్టాలనుకున్నాను.

ఇంకొకటి ఉంది. షిఫ్టులు మారే వారం అది, ఎవరు ఏ షిఫ్టో మనకే తికమక. నాన్న ఆసుపత్రి వరండాలో నన్నడిగాడు, "ఎవర్రా మార్చుకున్నది?" నేను "అన్నయ్య" అన్నాను. అబద్ధం. ఆ మధ్యాహ్నం షిఫ్టు అన్నయ్యదే. మార్చుకున్నది నేను. శనివారం డ్యాన్సుకి పోవాలని, మాతిచ్ అనే క్రొయేషియావాడితో మాట్లాడుకుని, ఇంట్లో చెప్పకుండా దిగాను. కింద అన్నయ్య నా దీపం చూసి దగ్గరకొచ్చాడు. "ఏరా తౌనో, ఇవాళ నీది ఏ షిఫ్టు?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపు కూలింది.

ఆయన ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. నేను తరచూ రాకపోవడానికి కారణం పని కాదు, మంచు కాదు. ఆయన నన్ను చూసి అడిగితే ఏం చెప్పాలో తెలియక. నాన్న చచ్చిపోయేదాకా తప్పు ఒన్నిదే అనుకున్నాడు, నేను అనుకోనిచ్చాను.

తౌనో


కోల్డ్ క్రీక్
14 మార్చి 1982

తౌనో,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద మండిపడ్డాను. మూడో రోజు అద్దంలో చూసుకుని ఊరుకున్నాను. తిట్టడానికి మన ఇద్దరిలో ఎవరూ మిగల్లేదు.

ఆ రోజు సంగతి నాకు తెలుసు. ఆ వారమంతా టిఫిను డబ్బాలు కట్టింది నేనే, అమ్మకి జ్వరం. ఆ మధ్యాహ్నం ఒన్నికి కట్టాను. నీకు కట్టలేదు. నువ్వు డబ్బా లేకుండా దిగావు. ఇరవై నాలుగేళ్ళుగా నేనెవరికీ చెప్పలేదు, నాన్న పోయేదాకా ఆయనకీ చెప్పలేదు. ఒక కొడుకు సగం పోయాడు, రెండోవాడిని కూడా ఎక్కడ పోగొడతానోనని భయం. కాబట్టి నువ్వొక్కడివే అబద్ధమాడావనుకోకు.

బిళ్ళలన్నీ అమ్మేశాను. ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చిన పాత బాకీలకే చాలా పోయింది; మిగిలింది గది అద్దెకిచ్చి, ఏప్రిల్ ఆఖరు దాకా ఉంచమన్నాను. ఆ తర్వాత తీసుకెళ్ళాలి. మిసెస్ కొర్పెలా రెండు రొట్టెలు చేసిస్తానంది.

మే రెండో తేదీ, ఆదివారం. వార్డు నీకూ నాకూ సమానదూరం. రా. ఈసారి మంచు అనకు.

అక్క


కోల్డ్ క్రీక్
3 మే 1982

తౌనో,

నువ్వు వార్డు తలుపు దాకా వచ్చి, అద్దంలోంచి చూసి వెనక్కి తిరిగావు. నేను నిన్ను చూశాను. కేకేయలేదు. తర్వాత ఏం జరిగిందో నీకు తెలియాలి.

దారి పొడుగునా బస్సులో బాగానే ఉన్నాడు. మంచం చూపించారు, కూర్చున్నాడు. కిటికీ కోసం చుట్టూ చూశాడు, తల పైకెత్తాడు, దించాడు. నీలం మేజోళ్ళు వేసుకునే ఉన్నాడు. రొట్టె ముక్క చేతిలో పెట్టాను. అప్పుడు ఎప్పటిలా అడిగాడు. కానీ నన్ను కాదు, పక్కనే దుప్పటి సర్దుతున్న వార్డుబాయిని అడిగాడు. యాభై ఏళ్ళ మనిషి, మంచివాడే. "తౌనో ఇవాళ ఏ షిఫ్టు?"

నేను నోరు తెరిచేలోపే ఆయన నవ్వి, ఒన్ని భుజం తట్టి, "ఇక్కడ మీరంతా ఒకే షిఫ్టు, దిగులు పడకు" అన్నాడు. ధైర్యం చెప్పాలనే అన్నాడు పాపం.

ఒన్ని ముఖం ఎలా మారిందో నేను రాయలేను. మంచం కిందికి దూరాడు. నలభై ఆరేళ్ళవాడు. నా చెయ్యి పట్టుకుని నన్నూ కిందికి లాగాడు. ఒక చెయ్యి మంచం అడుగున ఆనించి పైకి ఎత్తి పట్టుకున్నాడు, కప్పు ఆపుతున్నట్టు. "తౌనోని పైకి పంపు, తౌనోని పైకి పంపు" అంటూనే ఉన్నాడు. నేను నేల మీద వాడి పక్కన పడుకుని, వేరే షిఫ్టురా, వేరే షిఫ్టురా అని చెబుతూనే ఉన్నాను. గంట పట్టింది వినడానికి.

వార్డుబాయికి అంతా చెప్పాను. ఆయన చాలా బాధపడి, మంచం తలవైపు అట్టముక్క మీద జవాబు రాసి కట్టాడు. డ్యూటీలో ఎవరున్నా అదే చెబుతారు.

ఇక మనం చేయాల్సింది. నెలలో మొదటి, మూడో ఆదివారాలు నేను వెళ్తాను. రెండు, నాలుగు నువ్వు. ఇద్దరం ఎప్పుడూ ఒకేసారి ఆ గదిలో ఉండకూడదు. బస్సు చెడినా, మంచులో ఇరుక్కున్నా, ఒక్కరే. వాడికి మిగిలిన వాటాలు మనం ఇద్దరమే. నాన్న మాట ఇప్పుడైనా వినాలి. అంటే నువ్వూ నేనూ ఇక కలుసుకోవడం ఉండదు. ఉత్తరాలున్నాయి.

వచ్చే ఆదివారం నీది. తలుపు దగ్గర ఆగకు.

హిల్యా


టొరంటో
10 మే 1982

అక్కా,

నిన్న వెళ్ళాను. లోపలికి వెళ్ళాను.

నన్ను గుర్తుపట్టలేదు. జుట్టు తెల్లబడింది కదా, ఆయన లెక్కలో నాకింకా ఇరవయ్యే. ఎవరో పెద్దమనిషి అనుకుని మంచం మీద జరిగి చోటిచ్చాడు. నువ్వు పంపిన రొట్టె సగం విరిచి నాకిచ్చాడు. ఇద్దరం తిన్నాం.

తర్వాత నా ముఖంలోకి చూసి అడిగాడు. "తౌనో ఇవాళ ఏ షిఫ్టు?"

నేనే తౌనోని అన్నయ్యా అని చెబుదామని బస్సులో పన్నెండుసార్లు అనుకుంటూ వచ్చాను. తప్పు నాది అని కూడా. నోటిదాకా వచ్చింది. తలవైపు అట్టముక్క కనిపించింది.

"వేరే షిఫ్టు" అన్నాను.

"అమ్మయ్య" అన్నాడు. "వాడు చిన్నవాడు."

చెయ్యి తుడుచుకుని మిగిలిన రొట్టె తిన్నాడు. ఇన్నేళ్ళూ నన్ను నిలదీస్తున్నాడనుకున్నాను అక్కా.

నాలుగో ఆదివారం మళ్ళీ వెళ్తాను.

తౌనో